లోతు నూతిలో పెట్టి చూడాలి

ద్వారకానగర్ షోరూము గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలో అక్కర్లేదో తెలియక కాసేపు నిలబడిపోయాను. మా బావమరిది ఎల్లాజీ బూట్లతోనే లోపలికి నడిచాడు. అతను పోర్టు గేటు దగ్గర లారీల పాసులు చూసే గుమాస్తా. విశాఖ వచ్చి పదిహేనేళ్ళయింది కాబట్టి ఇలాంటి చోట్ల ముందు అతనే నడుస్తాడు. అతని వెనక మా అమ్మాయి సాయిదుర్గ వెళ్ళింది. చెప్పులతోనే నేనూ వెళ్ళాను.

లాప్‌టాపు కొనడానికి మా ఊరు పద్మనాభం నుంచి పొద్దున ఏడు గంటల బస్సుకు బయలుదేరాం. దుర్గ డిప్లొమా రెండో ఏడు చదువుతోంది, మెకానికల్. కాలేజీలో కంప్యూటర్లు ఉన్నాయి గాని ముగ్గురికి ఒకటి. దుర్గ వంతు వచ్చేసరికి ఐదవుతుంది. ఐదున్నరకు మా బస్సు.

ఈ నెల వాళ్ళ మేష్టారు పిల్లల్ని జట్లుగా విడగొట్టారు. ఒక్కో జట్టు ఒక లారీ గేర్‌బాక్సును కంప్యూటర్లో గీయాలి. ఒక్కో పళ్ళచక్రాన్నీ విడిగా గీసి, అన్నిటినీ ఒకదానితో ఒకటి బిగించి, తిరిగేలా చేసి చూపించాలి. ఆ బిగించే పని జట్టులో ఒక్కరిదే. మిగతావాళ్ళకు కొలతలు తీయడం, రిపోర్టు టైపు చేయడం లాంటి పనులు. బిగించే పనికి పేరిస్తావా అని మేష్టారు ముందు దుర్గనే అడిగారట. సొంత మిషను ఉండాలన్నారట. శనివారం సాయంత్రం లోగా ఏ సంగతీ చెప్పాలి.

ఇదంతా దుర్గ నాతో చెప్పలేదు. కళ్ళంలో నిలబడి రోజారమణి అనే స్నేహితురాలితో ఫోనులో మాట్లాడుతుంటే, నేను అవతల గడ్డిమోపు కడుతూ విన్నాను. "నాను టైపింగ్ తీసుకుంతాన్లే" అంది చివర్లో. ఫోను పెట్టేశాక కాలి బొటనవేలితో ఒక గడ్డిపరకను అటూ ఇటూ తోస్తూ చాలాసేపు అక్కడే ఉంది.

మర్నాడు నేను "శనివారం ఎల్లి లాప్‌టాపు కొందాం" అన్నాను. "ఎందుకు నాన్నా?" అంది. "కొందాం" అన్నాను. మా ఇద్దరి మధ్య జరిగిన మాట అంతే.

ఆ శనివారమే ఇది.

షోరూములో ఉదయ్‌కుమార్ అనే కుర్రాడు మా ముందు నాలుగు మిషన్లు తెరిచి పెట్టాడు. అన్నిటి తెరల మీదా రంగురంగుల చేపలు ఈదుతున్నాయి.

"డిస్‌ప్లే చూడండంకుల్. పొలుసు పొలుసు కనిపిస్తుంది" అన్నాడు.

ఎల్లాజీ వంగి చూశాడు. "నిజవే బావా. ఈ సేప కన్ను సూడు, నన్నే సూత్తంది."

"సేపల్ని సూడ్డానికైతే ఫిషింగ్ హార్బరు ఉత్తినే సూపిస్తాది" అన్నాను.

"నీతో ఇదే గొడవ. మాటాడవు, మాటాడితే ఇలగ మాటాడతావు."

ఉదయ్‌కుమార్ నవ్వి, ఒక సన్నటి మిషనుని రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు. పుస్తకమంత బరువు లేదన్నాడు. ఇంకొకదాని మీద బ్యాగు ఉచితమన్నాడు. ఎల్లాజీ ఆ బ్యాగు జిప్పు మూడుసార్లు లాగి చూశాడు.

నేను మిషన్ల వంక చూడటం లేదు. వాటి సంగతి నాకు తెలియదు. దుర్గ వంక చూస్తున్నాను. ఆమె కుడి పిడికిలి మూసే ఉంది. బస్సెక్కిన దగ్గర్నుంచీ అలాగే ఉంది. వేళ్ళ సందులోంచి పెన్‌డ్రైవు తాడు ఎర్రగా కనిపిస్తోంది. ఉదయ్‌కుమార్ ఏ మిషను చూపించినా ఆమె ముందు కింద అంటించిన ధర చీటీ చదువుతోంది, తర్వాతే తెర చూస్తోంది.

నాలుగూ చూశాక, అన్నిట్లోకీ తక్కువదాన్ని చూపించింది. "ఇది సాలు నాన్నా."

"దాంట్లో ఏటున్నాది?"

"అన్నీ ఉన్నాయి."

అన్నీ ఉన్నవాటి గురించి చెప్పేవాళ్ళు అలా కిందికి చూస్తూ చెప్పరు. నేను ఉదయ్‌కుమార్‌ని అడిగాను. "బాబూ, మా పిల్ల గీసిందేదో ఆ పుల్లలో ఉన్నాది. దీంట్లో ఎట్టి పని సేయించి సూడొచ్చా?"

"పెన్‌డ్రైవు పెట్టనివ్వమంకుల్. వైరస్ వస్తుంది, షోరూము రూలు. కానీ నమ్మకంగా తీసుకోండి, చాలా ఫాస్టు."

కుర్రాడి తప్పేం లేదు. అతనికి చెప్పిన మాట అతను చెప్పాడు. నేను లేచాను. "మల్లీ వొత్తాం బాబూ."

బయటికి రాగానే ఎల్లాజీ ఎండలో ఆగిపోయాడు. "ఏటి బావా ఇది? పిల్లకి నచ్చింది. బేగు ఫ్రీ అన్నాడు. సల్లగా ఏసీలో కూకుంటే రోడ్డు మీదకి లాగేసేవు."

"పని పెట్టి సూడనిచ్చే సోటికి తీసుకెల్లు."

"పని పెట్టి సూడ్డానికి అదేటి, ఎద్దేటి?"

"మావయ్యా, నాన్న అడిగింది కరెట్టే గదా" అంది దుర్గ నెమ్మదిగా. అని, ఎందుకన్నానా అన్నట్టు పిడికిలి ఇంకా బిగించింది.

ఎల్లాజీ చొక్కా కాలరు సర్దుకున్నాడు. తమ ఆఫీసు కంప్యూటర్లు పాడైతే బాగుచేసే ఆవిడ ఒకామె డాబాగార్డెన్స్‌లో ఉందన్నాడు. కొత్తవీ అమ్ముతుంది, కంపెనీలు వాడి వదిలేసినవి బాగుచేసీ అమ్ముతుంది. "ముందే సెప్పొచ్చు గదా" అంటే, "పాత సామాన్ల కొట్టుకి తీసుకెల్లేనని అక్క నన్ను తిడతాది బావా" అన్నాడు. వాళ్ళక్క అంటే నా భార్య.

నడిచే వెళ్ళాం. తాయారు అనే ఆ మనిషి కొట్టు రెండో అంతస్తులో, మెట్ల పక్క ఇరుకు గదిలో ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్న భూతద్దం, చేతిలో చిన్న కత్తెరలాంటి పట్టకారు. బల్ల మీద విప్పిన మిషన్లు వరసగా ఉన్నాయి. ప్రతి దాని పక్కనా దాని మరమేకులు వేరువేరు సీసా మూతల్లో ఉన్నాయి. ఆ మూతలు చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

షోరూములో దుర్గ ఎంచుకున్న రకమే ఇక్కడా ఒకటుంది, చూపించడానికి అట్టపెట్టెలోంచి తీసి పెట్టిన కొత్తది. దాని పక్కన తాయారు ఇంకొకటి పెట్టింది. నల్లగా, మందంగా ఉంది. మూత మూల గీసుకుపోయింది. ఒక మీట మీద అక్షరం అరిగిపోయింది.

"ఇది ఏదో కంపెనీ డిజైన్ ఆఫీసులో చేసిందండి. పదహారు జీబీ రేమ్, గ్రాఫిక్ కార్డు వేరేగా ఉంది. ఎనిమిదో జనరేషన్. ఆ కొత్తది పన్నెండో జనరేషన్, కానీ రేమ్ నాలుగే" అంది తాయారు.

"జనరేషనంటే తరవే గదా?" అన్నాడు ఎల్లాజీ. "పన్నెండో తరవొదిలేసి ఎనిమిదో తరం దాన్ని కొనుక్కోమంతావేటి తాయారమ్మా?"

"తరం పెరిగిందని బలం పెరుగుతాదేటి?" అన్నాను. "మీ తాత రెండు బస్తాలు మోసీవోడు. నువ్వు టిఫిను కేరేజీ మోస్తే నడుం పట్టేసిందంతావు."

తాయారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దుర్గ ఆ పొద్దున మొదటిసారి నవ్వింది.

"పెన్‌డ్రైవు పెట్టుకోవచ్చా అండీ?" అని అడిగింది.

"పెట్టుకోమ్మా. డిప్లొమా పిల్లలొస్తారని డ్రాయింగు సాఫ్ట్‌వేర్ రెండిట్లోనూ ఎక్కించే ఉంచాను."

దుర్గ పిడికిలి విప్పింది. అరచేతిలో పెన్‌డ్రైవు అచ్చు పడి ఉంది. దాన్ని కొత్త మిషనుకు తగిలించింది. ఏదో నొక్కింది. తెర మీద ఒక పళ్ళచక్రం వచ్చింది, బూడిద రంగుది. వేలితో తిప్పితే తిరిగింది.

"సూసేవా నాన్నా, ఎంటనే వొచ్చీసింది. ఇది సాలు" అంటూనే పెన్‌డ్రైవు లాగేయబోయింది.

ఆ తొందర నేను ఇదివరకు చూశాను. దుర్గ పుట్టకముందు ఆనందపురంలో ఒక పాత ఆయిలింజను కొన్నాను. అమ్మినవాడు రోడ్డు పక్క గుంటలో గొట్టం పెట్టి స్టార్టు చేశాడు. నీళ్ళు తొండమంత లావున పడ్డాయి. వెంటనే ఆపేసి, చూశారు కదా అన్నాడు. చూశాను, కొన్నాను. మా నుయ్యి లోతు. వేసవికి నీరు అడుక్కి పోతుంది. అక్కడ ఆ ఇంజను పావుగంట దగ్గి ఊరుకుంది. ఆ ఏడు కింది రెండు మళ్ళూ నా కళ్ళముందే ఎండిపోయాయి. అప్పట్నుంచి మా ఊళ్ళో ఎవరు పాత ఇంజను కొన్నా లోతు నూతి మీదికి తెప్పించి, ఒక మడి తడిసేదాకా దాని పక్కన కూర్చుంటారు. మధ్యమధ్య దాని ఒంటి మీద చెయ్యి వేసి వేడి చూస్తారు. గుంటలో ఏ ఇంజనైనా తోడుతుంది.

అయితే గుంట దగ్గరికి తీసుకుపోయేది అమ్మేవాడు. కొనేవాళ్ళే గుంట వెతుక్కోవడం నేనెక్కడా చూడలేదు.

"అది ఒక్క సక్రవే గదా" అన్నాను. "గేర్‌బాక్సు మొత్తం నేదేటి అందులో?"

దుర్గ చెయ్యి ఆగిపోయింది. "గేర్‌బాక్సు సంగతి నీకెవలు సెప్పేరు?"

"గడ్డిమోపు కడతంటే ఇనబడ్డాది."

"గేర్‌బాక్సేటి బావా మద్దిలో? మనం లాప్‌టాపు కొంతన్నావా, లారీ కొంతన్నావా?" అన్నాడు ఎల్లాజీ. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఉంది" అంది దుర్గ. "రోజా లాప్‌టాపులో కొంత బిగించేను. నూట నలపై పార్టులున్నాయి నాన్నా. దానికి..." అని ఆపేసింది.

"ఎట్టు."

పెట్టింది. తెర మీద చిన్న గుండ్రం తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. కింద వీధిలో కొబ్బరిబొండాల వాడు బేరం మొదలెట్టి, కత్తి వేసి, డబ్బు తీసుకుని వెళ్ళిపోయాడు. గుండ్రం తిరుగుతూనే ఉంది. తర్వాత తెర మొత్తం తెల్లగా పాలిపోయి, ఏ మీట నొక్కినా పలకలేదు.

తాయారు పెన్‌డ్రైవు తీసి నల్లదానికి తగిలించి, పక్కకు జరిగింది.

అదీ వెంటనే తెరవలేదు. లోపల ఏదో తిరగడం ఎత్తుకుంది, విసనకర్ర లాంటి చప్పుడు. సగం గ్లాసు టీ తాగేంతసేపు పట్టింది. ఆ తర్వాత మొత్తం గేర్‌బాక్సు తెర మీదికి వచ్చింది. చక్రాలు, ఇరుసులు, పక్కన ఇంకా బిగించని ముక్కలు. దుర్గ వేలితో తిప్పింది. పైమూత తీసి లోపల చూపించింది. ఒక చక్రాన్ని కదిపితే మిగతావి ఒకదాన్ని ఒకటి పట్టుకుని తిరిగాయి.

దుర్గ మొహంలో నవ్వేమీ రాలేదు. పొద్దున్నుంచీ బిగబట్టి ఉన్న భుజాలు మాత్రం కిందికి జారాయి.

"ఇదంతా నువ్వే కట్టేవేటే కోడలా?" అన్నాడు ఎల్లాజీ. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

"సగవే మావయ్యా. ఇంకా రెండు ఇరుసులుండిపోయాయి."

"ఆపకమ్మా, తిరగనీ" అన్నాను. "ఓ అరగంట."

తాయారు భూతద్దం పైకెత్తి నన్ను చూసింది. "అరగంటా బాబూ?"

"ఒక మడి తడవాల గదా."

ఎల్లాజీ తల పట్టుకున్నాడు. తాయారుకి మాత్రం అర్థమైంది. వాళ్ళది ఎలమంచిలి దగ్గర పల్లెటూరట. "మా నాన్నా ఇలాగే ఇంజను మీద చెయ్యేసుకుని కూకునీవోడు. భోజనానికి పిలిచినా లేచీవోడు కాదు" అని, మా కోసం టీ చెప్పింది. ఆమే మిషను కరెంటు తీగ పీకేసింది. "బేటరీ మీద కూడా చూడండి. రేపొద్దున నన్ననకూడదు."

కూర్చున్నాం. నేను మధ్యమధ్య మిషను అడుగున అరచెయ్యి పెట్టి చూశాను. వెచ్చగానే ఉంది గాని చెయ్యి తీసేసేటంత కాలలేదు. చప్పుడు మారలేదు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. దుర్గ చూస్తూ కూర్చోలేదు. ఉండిపోయిన ఇరుసుల్లో ఒకదాన్ని తీసి బిగించేసింది. నేను పక్కనున్న సంగతి మర్చిపోయి పెదవి కొరుక్కుంటూ పని చేసింది.

అరగంటకు తాయారు తెర మూల వేలుపెట్టి చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ సగానికి దిగిపోయింది.

"ఇదే దీని లోటు. బేటరీ ముసిలైపోయింది. కొత్తది వేయించుకోవాలి. అది వేస్తే దీని ధర ఆ కొత్తదాన్ని దాటిపోద్ది. నేను దాచనండి."

"అద్గదీ!" అన్నాడు ఎల్లాజీ. "నాను ముందే సెప్పేను. గీతలు పడిపోయిన దాన్ని కొత్తదాని కన్నా ఎక్కువెట్టి కొంతే, ఊళ్ళో ఏటంతారు బావా? బరువు సూడు. రోజూ బస్సులో ఈ పిల్ల దీన్ని మొయ్యాలా?"

దుర్గ చెయ్యి మిషను మీంచి వెనక్కి వచ్చేసింది. మూత దించింది. "మావయ్య సెప్పింది నిజవే నాన్నా. బరువు కూడాను. ఆ కొత్తదే తీసుకుందాం. టైపింగుకి సాల్తాది."

"టైపింగుకైతే అదైనా ఎందుకమ్మా? చేతిలో ఫోనుంది కదా" అంది తాయారు, తన పని చూసుకుంటూ.

దుర్గ తల వంచుకుంది. చెవుల దగ్గర ఎర్రబడింది.

అప్పటికి నాకు తెలిసింది. తప్పు నాది. ఎంతలో కొందామనుకుంటున్నానో ఆమెతో ఒక్కసారీ అనలేదు. కొందాం అని ఊరుకున్నాను. నేను చెప్పనిదాన్ని ఆమె తనే ఊహించుకుంది, తక్కువే ఊహించుకుంది. పొద్దున్నుంచీ ఆ ఊహకు సరిపోయే మిషను కోసం, దానికి సరిపోయే పని కోసం వెతుకుతోంది. ఇంజను ఎండగట్టినవి రెండు మళ్ళు. నా నోరు మూతపడి ఉంటే ఏది ఎండేదో అనిపించింది.

"దుర్గా" అన్నాను. "డబ్బులకి సూసుకోకు. దీనికి సరిపడా తెచ్చేను. అప్పు సెయ్యనేదు. ఇంటికాడ దూడని అమ్మనేదు. ఏది కావాలో నువ్వు సెప్పాల. నాకు తెల్దు."

నేను ఒక్కసారే అన్ని మాటలనడం ఎల్లాజీ ఎప్పుడూ వినలేదనుకుంటాను. టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు.

దుర్గ మూత ఎత్తింది. తెర వెలిగింది. తను ఇప్పుడు బిగించిన ఇరుసు, దాని మీద చక్రాలు అలాగే ఉన్నాయి. వాటిని చూస్తూనే అంది.

"నాకిదే కావాల."

అన్నాక ఆమె వేరే మనిషైపోయింది. తాయారు వైపు తిరిగి వరసగా అడగడం మొదలెట్టింది. రేమ్ ఇంకొకటి పెట్టుకోవడానికి లోపల చోటుందా? హార్డ్‌డిస్కు పాతదా, మార్చారా? తెరలో చచ్చిపోయిన చుక్కలేమైనా ఉన్నాయా? ఛార్జరు దానిదేనా, వేరేదా? తాయారు ఒక్కోదానికీ జవాబు చెప్పింది. తెలియనిది తెలియదంది.

"ఆరు నెల్లు గేరంటీ కాయితం మీద రాసిస్తారా?"

"రాసిస్తాను. పనికే గాని కింద పడేస్తే కాదు."

"బేటరీ కొత్తదే ఎయ్యాలి. బిగింపు డబ్బులు తియ్యకూడదు. అరిగిపోయిన ఆ మీట కూడా మార్చాలి."

"ఓలమ్మ!" అన్నాడు ఎల్లాజీ. "ఇందాకా నోట్లో నాలిక నేదనుకున్నాను. బావా, ఈ పిల్లని మా గేటు కాడ కూకోబెట్టు. ఒక్క లారీ ఉత్తినే దాటదు."

తాయారు కొంచెం సేపు ఆలోచించినట్టు నటించి, సరేనంది. బిల్లు పుస్తకం తీసి పేరడిగింది. నేను నోరు తెరిచేలోపు దుర్గ తన పేరు చెప్పింది.

ఒంటిగంట దాటింది. బ్యాటరీ మార్చడానికి గంట పడుతుందని తాయారు చెప్పింది. దుర్గ ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది కాబట్టి ఈసారి దాక్కుని వినాల్సిన పని లేకపోయింది.

"రోజా, మేష్టారున్నారా అక్కడ? నా పేరు రాయమను... టైపింగుకి కాదే. బిగించడానికి... అవును, నానే. నీ లాప్‌టాపు ఇంక అక్కర్లేదు." అవతల నుంచి పెద్ద కేక వినిపించింది. దుర్గ ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. కాసేపటికి నిటారుగా నిలబడి గొంతు మార్చింది. "నమస్తే సార్... ఉందండి, సొంతదేనండి... సోమవారానికి రెండో ఇరుసు కూడా పూర్తి చేసి తీసుకొస్తాను సార్."

లోపలికి వచ్చి బల్ల దగ్గరికి స్టూలు జరుపుకుంది. తాయారు అప్పటికే నల్ల మిషనుని బోర్లా తిప్పింది. అడుగున చిన్నచిన్న మేకులు వరసగా ఉన్నాయి, చీమల్లా.

"నేను తియ్యనా అండీ?" అంది దుర్గ.

తాయారు ఆమెను ఒకసారి చూసి, స్క్రూడ్రైవరు చేతికిచ్చింది. "తియ్యి. నీ మిషనే కదా. గట్టిగా నొక్కకు, దానంతటదే వస్తుంది."

సీసా మూతలన్నీ వేరే మేకులతో నిండి ఉన్నాయి. దుర్గ ఇటూ అటూ చూసి, మొదటి మేకు తీసి నా అరచేతిలో పెట్టింది.

"పడిపోకుండా సూడు నాన్నా" అంది.

చెయ్యి కదపకుండా కూర్చున్నాను.